గట్టిమేళం దగ్గర లెవెల్ పెట్టండి: పాత వీడియో క్యాసెట్ల శబ్దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడం

ఈ ఎపిసోడ్‌లో ఒక్క విషయమే మాట్లాడుకుందాం. ఇంట్లో ఉన్న పాత వీహెచ్‌ఎస్ క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు శబ్దం లెవెల్ ఎంతలో పెట్టాలి, ఎందుకు అంతలోనే పెట్టాలి అన్నది.

బొమ్మ గురించి అందరూ అడుగుతారు. రంగులు వెలిసిపోయాయి, గీతలు వస్తున్నాయి, ఏ క్యాప్చర్ కార్డు కొనాలి అని. శబ్దం గురించి అడిగేవాళ్లు తక్కువ. నిజానికి బొమ్మకి ఇంకో సాక్ష్యం ఉంటుంది. ముప్ఫై ఏళ్ల కిందటి పెళ్లిలో తాతగారు ఎలా ఉన్నారో ఆల్బమ్ చూస్తే తెలుస్తుంది. ఎలా మాట్లాడేవారో చెప్పేది మాత్రం ఆ క్యాసెట్ ఒక్కటే. అందుకే శబ్దాన్ని జాగ్రత్తగా తీసుకోవాలి అంటాను.

సమాధానం ముందే చెప్పేస్తాను, తర్వాత కారణాలు చూద్దాం. క్యాసెట్ మొత్తంలో అన్నిటికంటే గట్టిగా వినిపించే చోటు వెతకండి. అక్కడ మీటర్ మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆగేలా లెవెల్ పెట్టండి. ఆ తర్వాత చివరిదాకా దాన్ని ముట్టుకోకండి. మన పెళ్లి క్యాసెట్లలో ఆ చోటు ఎక్కడో మీకూ తెలుసు. పంతులుగారు చెయ్యెత్తగానే మొదలయ్యే గట్టిమేళం.

డిజిటల్‌లో సున్నా అంటే పైకప్పు

పాత టేప్‌రికార్డర్లు వాడినవాళ్లకి ఒక అలవాటు ఉంటుంది. మీటర్ ముల్లు సున్నా దాకా వెళ్లాలి, అప్పుడప్పుడు ఎర్ర గీత దాటినా ఫర్వాలేదు అని. ఆ రోజుల్లో అది సరైన పద్ధతే. టేపు అయస్కాంత పూతకి ఓ గుణం ఉంది. శబ్దం మరీ ఎక్కువైతే అది మెల్లమెల్లగా లొంగుతుంది, గొంతు కాస్త బొంగురుపోతుంది అంతే. పైగా తక్కువలో రికార్డు చేస్తే టేపు తాలూకు 'స్‌స్‌స్' చప్పుడు మాటల్ని మింగేసేది. అందుకే వీలైనంత పైన పెట్టేవాళ్లు.

కంప్యూటర్‌లో మీటర్ మీద కనిపించే సున్నా ఆ సున్నా కాదండి. ఇది పైకప్పు. శబ్దాన్ని అంకెలుగా రాసేటప్పుడు రాయగలిగిన అతి పెద్ద అంకె అది. దాని పైన అంకె లేదు కాబట్టి అంతకంటే ఎత్తైన శబ్దం వచ్చినా ఆ పెద్ద అంకెనే మళ్లీ మళ్లీ రాసుకుంటూ పోతుంది. కుంచంలో గోపురంలా పోసిన బియ్యాన్ని కర్రతో అంచు దాకా గీసేస్తే ఏమవుతుంది? పైన ఎంత ఉండేదో తర్వాత కుంచాన్ని చూసి చెప్పలేం. దీన్నే క్లిప్పింగ్ అంటారు. చెవికి చిటపటమని, బరబరమని వినిపిస్తుంది.

తర్వాత సాఫ్ట్‌వేర్‌లో వాల్యూమ్ తగ్గించినా ఈ తెగిన భాగం తిరిగి రాదు. చిన్న శబ్దంలో అదే బరబర వినిపిస్తుంది. 'డీ-క్లిప్' అనే పనిముట్లు ఉన్నాయి. అవి అటూ ఇటూ ఉన్న తరంగాన్ని చూసి మధ్యలో ఏముండి ఉంటుందో ఊహించి గీస్తాయి. ఒకటి రెండు చోట్ల తెగితే పని జరుగుతుంది. ప్రతి మాటా తెగి ఉంటే ఊహ దేని మీద నిలబడుతుంది?

తక్కువలో పెడితే నష్టం ఎంత?

ఇప్పుడు లెక్క చూద్దాం. సాధారణ వీహెచ్‌ఎస్ టేపులో శబ్దం టేపు అంచున ఒక సన్నటి గీతలా పొడవునా రాసి ఉంటుంది. దీన్ని లీనియర్ ట్రాక్ అంటారు. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో టేపు సెకనుకి సుమారు 2.34 సెంటీమీటర్లు నడుస్తుంది. మామూలు పాటల ఆడియో క్యాసెట్ 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. అంటే దానిలో సగం వేగం. వేగం తగ్గితే నాణ్యతా తగ్గుతుంది. అందుకే ఈ ట్రాక్‌లో అతి గట్టి శబ్దానికీ టేపు సొంత చప్పుడుకీ మధ్య తేడా 40 డెసిబెల్స్ పైచిలుకు మాత్రమే ఉంటుంది.

16 బిట్ డిజిటల్ రికార్డింగ్‌లో ఈ తేడా సుమారు 96 డెసిబెల్స్. మీరు మరీ భయపడి గట్టిమేళాన్ని మైనస్ 20 దగ్గర పెట్టారనుకోండి. టేపు సొంత చప్పుడు మైనస్ 60 చుట్టుపక్కల ఉంటుంది. డిజిటల్ అడుగు ఇంకా ముప్ఫై డెసిబెల్స్‌కి పైగా కిందే ఉంది. అంటే టేపులో ఉన్నదేదీ పోలేదు. తర్వాత 14 డెసిబెల్స్ పెంచుకుంటే సరిపోతుంది. మాటతోపాటు టేపు చప్పుడూ పెరుగుతుంది నిజమే, కానీ మొదట్లోనే లెవెల్ పెంచి పెట్టినా ఆ చప్పుడు అలాగే పెరిగేది.

కాబట్టి రెండు పక్కలా ప్రమాదం సమానం కాదు. తక్కువైతే పెంచుకోవచ్చు, ఎక్కువైతే పోయినట్టే. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే ఈ ఎపిసోడ్‌లో మిగతాదంతా మర్చిపోయినా ఫర్వాలేదు.

మీ పరికరంలో 24 బిట్ ఉంటే అదే వాడండి. 3 గంటల క్యాసెట్‌కి 48 కిలోహెర్ట్జ్ స్టీరియో శబ్దం 16 బిట్‌లో సుమారు 2 జీబీ, 24 బిట్‌లో సుమారు 3 జీబీ అవుతుంది. ఈ రోజుల్లో అదేం పెద్ద లెక్క కాదు.

ఒక క్యాసెట్ సంగతి

మా పక్కింటి అక్కయ్యగారు తన పెళ్లి క్యాసెట్‌ని ఒక షాపులో ఇచ్చి పెన్‌డ్రైవ్‌లో వేయించుకున్నారు. పెళ్లి 1993లో జరిగింది. తాళి కట్టాక ఆవిడ తాతగారు పంతులుగారి మైకు అందుకుని ఆశీర్వదిస్తూ నాలుగు మాటలు మాట్లాడారట. పెన్‌డ్రైవ్‌లో ఆ నాలుగు మాటలూ చిరిగిన స్పీకర్‌లోంచి వచ్చినట్టున్నాయి. "క్యాసెట్ పాతదైపోయింది, అంతే వస్తుంది" అని షాపులో చెప్పారట.

నేను ఆ ఫైల్‌ని ఆడాసిటీలో తెరిచి చూశాను. తాతగారి మాటల దగ్గర తరంగాలు కొండల్లా ఉండాల్సింది, పైనా కిందా బల్లపరుపుగా ఉన్నాయి. టేపు ముసలిదైతే శబ్దం మందంగా వస్తుంది, మధ్యమధ్యలో పోతుంది, చప్పుడు పెరుగుతుంది. ఇలా సున్నా దగ్గర గీత గీసినట్టు తెగదు. క్యాసెట్ ఇంట్లోనే ఉందా అని అడిగితే ట్రంకు పెట్టెలో ఉందన్నారు. తెచ్చి, లెవెల్ తగ్గించి మళ్లీ తీశాం. మాటలన్నీ శుభ్రంగా ఉన్నాయి. చివర్లో ఆయన చిన్నగా నవ్వడం కూడా ఉంది, ముందు ఫైల్‌లో అది బరబరలో కలిసిపోయింది.

టేపు మిగిలి ఉంది కాబట్టి సరిపోయింది. పెన్‌డ్రైవ్ చేతికొచ్చింది కదా అని క్యాసెట్ పారేసి ఉంటే? దయచేసి పారేయకండి, కంప్యూటర్‌లోకి ఎక్కించాక కూడా.

వైర్ ఎక్కడ పెడుతున్నారు?

వీసీఆర్ వెనక పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులు ఉంటాయి. పసుపు బొమ్మకి, తెలుపు ఎడమ శబ్దానికి, ఎరుపు కుడి శబ్దానికి. దీంట్లోంచి వచ్చేది లైన్ లెవెల్, అంటే సుమారు 0.3 వోల్టుల స్థాయి. మైకు ఇచ్చేది వోల్టులో వెయ్యో వంతుల్లో ఉంటుంది. అందుకే లాప్‌టాప్ మైకు రంధ్రంలో ఈ వైరు గుచ్చితే లెవెల్ ఎంత తగ్గించినా శబ్దం పగులుతుంది. లైన్ ఇన్ అని రాసి ఉన్న చోటే పెట్టండి, లేదా క్యాప్చర్ స్టిక్‌లో ఉన్న తెలుపు, ఎరుపు రంధ్రాల్లో పెట్టండి.

మీ వీసీఆర్‌కి శబ్దం పిన్ను ఒక్కటే ఉంటే అది మోనో. ఒక పక్కే రికార్డవుతుంది, కంగారు పడకండి. తర్వాత అదే ట్రాక్‌ని రెండో పక్కకి కాపీ చేసుకోవచ్చు. ఒకే శబ్దం ఉన్న రెండు ట్రాకుల్ని ఒకదానిలోకి కలిపేటప్పుడు మాత్రం జాగ్రత్త. అది 6 డెసిబెల్స్, అంటే రెట్టింపు పెరుగుతుంది. సున్నాకి దగ్గర్లో ఉన్నది అక్కడ తెగుతుంది.

కొన్ని ఖరీదైన వీసీఆర్‌ల మీద హై-ఫై అని రాసి ఉంటుంది. అందులో అంచు ట్రాక్ కాకుండా, తిరిగే హెడ్లతో బొమ్మ రాసిన చోటే శబ్దాన్నీ రాసే రెండో పద్ధతి ఉంది. నాణ్యత చాలా ఎక్కువ. అలాంటి మెషీన్‌లో హై-ఫై, నార్మల్, మిక్స్ అని ఎంచుకునే బటన్ ఉంటుంది. మిక్స్‌లో పెట్టకండి, రెండూ కలిసి శబ్దం డొల్లగా వస్తుంది. ముందు హై-ఫై వినండి. బుర్రుమని మోగుతూ వచ్చిపోతూ ఉంటే ట్రాకింగ్ సరిచేయండి, అప్పటికీ కుదరకపోతే నార్మల్ పెట్టుకోండి. రెండిటి లెవెల్ ఒకటిగా ఉండదు కాబట్టి మార్చిన ప్రతిసారీ మీటర్ మళ్లీ చూసుకోవాలి.

ఇక్కడో ఆశ కూడా ఉంది. వీహెచ్‌ఎస్‌లో 'ఆడియో డబ్' చేస్తే కొత్త శబ్దం అంచు ట్రాక్ మీదే పడుతుంది, హై-ఫై ట్రాక్ చెక్కుచెదరదు. పెళ్లి వీడియోల్లో మాటల మీద సినిమా పాటలు వేయడం మామూలే కదా. మీ దగ్గరున్నది హై-ఫైలో రికార్డై, తర్వాత ఆ టేపు మీదే డబ్ చేసిందైతే, పాట కింద అసలు మాటలు దొరికే అవకాశం ఉంది. ఇంకో టేపులోకి కాపీ చేసేటప్పుడు పాట కలిపి ఉంటే దొరకవు. బటన్ నొక్కి వినడానికి ఖర్చేమీ లేదు.

లెవెల్ పెట్టే పద్ధతి

ఇక అసలు పని. ముందు ముఖ్యం కాని క్యాసెట్ ఒకటి వీసీఆర్‌లో పెట్టండి. ఎప్పుడో టీవీలో రికార్డు చేసుకున్న సినిమా లాంటిది. దాంతో మీటర్ కదులుతోందో లేదో, వైర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి. అసలు క్యాసెట్‌ని పరీక్షలకి అరగదీయడం ఎందుకు?

అసలు క్యాసెట్ కిటికీలోంచి టేపు చుట్ట మీద తెల్లటి పొడిలాంటిది కనిపిస్తే అది బూజు. కోస్తా తేమలో ఇది మామూలు. దాన్ని ప్లే చేయకండి, టేపూ పాడవుతుంది, హెడ్లూ పాడవుతాయి. ముందు శుభ్రం చేయించాలి. అలాగే శబ్దం మరీ చిన్నగా, దుప్పటి కప్పినట్టు వస్తే వెంటనే లెవెల్ పెంచకండి. శబ్దం చదివే కదలని హెడ్ మీద మురికి పేరుకుని ఉండొచ్చు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో దాన్ని తుడిస్తే సగం సమస్యలు అక్కడే తీరతాయి.

తర్వాత మూడు చోట్ల వినండి. మొదట్లో పేర్లు పడేటప్పుడు వచ్చే సంగీతం, మధ్యలో గట్టిమేళం, చివర్లో ఎక్కడైనా ఒక నిమిషం. కొన్ని క్యాసెట్లలో స్టూడియోవాళ్లు వేసిన టైటిల్ సంగీతం గట్టిమేళాన్ని మించి ఉంటుంది. ఏది ఎక్కువైతే దానికే లెవెల్ పెట్టండి. ముందుకు వెళ్లేటప్పుడు బొమ్మ చూస్తూ పరిగెత్తించకుండా, స్టాప్ నొక్కి ఫార్వర్డ్ చేయండి. టేపుకి రాపిడి తగ్గుతుంది. టేపు మరీ బలహీనంగా ఉంటే ఈ వెతుకులాట కూడా వద్దు. మైనస్ 20 దగ్గర పెట్టి, మొదటిసారి ప్లే చేస్తున్నప్పుడే రికార్డు చేసేయండి. అదే చివరిసారి కావచ్చు.

చాలామంది అప్పగింతల దగ్గర లెవెల్ పెడతారు. ఎందుకంటే వాళ్లకి కావలసింది అదే. అమ్మ ఏడుస్తూ చెప్పే మాటలు చిన్నగా ఉంటాయి కాబట్టి లెవెల్ బాగా పెంచుతారు. అప్పుడు అంతకుముందు గంటసేపు సాగిన మేళం, మంత్రాలు, మైకులో ఆశీర్వచనాలు అన్నీ తెగిపోతాయి. అప్పగింతల మాటల్ని తర్వాత ఫైల్‌లో పెంచుకోవచ్చండి. అవి ఎక్కడికీ పోవు.

సున్నా తాకకపోయినా తెగుతుంది

ఇది చాలామంది గమనించని విషయం. కంప్యూటర్ స్క్రీన్ మీద కనిపించే లెవెల్ స్లైడర్ చాలాసార్లు శబ్దం అంకెలుగా మారిన తర్వాత పనిచేస్తుంది. చవక యూఎస్‌బీ స్టిక్కుల్లో ఇది ఎక్కువ. ఓబీఎస్‌లో ఉన్న స్లైడర్ కూడా అంతే. స్టిక్ లోపలే శబ్దం తెగిపోయి ఉంటే, మీరు స్లైడర్‌ని తగ్గిస్తే తెగిన శబ్దమే చిన్నదై వస్తుంది. మీటర్ పచ్చగా ఉంటుంది, చెవికి మాత్రం బరబర.

కనిపెట్టడం తేలిక. గట్టిమేళం అరనిమిషం రికార్డు చేసి, ఆడాసిటీలో తెరిచి, బాగా పెద్దది చేసి చూడండి. ట్రాన్స్‌క్రిప్ట్ చదువుతున్నవాళ్ల కోసం చెబుతున్నాను: తరంగాల కొనలు ఒక్కోటి ఒక్కో ఎత్తులో, గుండ్రంగానో మొనదేలో ఉంటే మంచిది. అన్నీ ఒకే ఎత్తులో, స్కేలు పెట్టి గీసినట్టు ఆగిపోతే తెగినట్టే, అది సున్నా దగ్గరైనా మైనస్ 8 దగ్గరైనా.

అలాంటప్పుడు శబ్దాన్ని స్టిక్‌లోకి వెళ్లకముందే తగ్గించాలి. మధ్యలో ఒక చిన్న మిక్సర్ పెట్టొచ్చు. తిప్పే గుండీ ఉన్న వాల్యూమ్ కంట్రోల్ వైరు కూడా సరిపోతుంది. విడిగా లైన్ ఇన్‌పుట్ ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్ వాడితే నాణ్యత ఇంకా బాగుంటుంది. కానీ బొమ్మ ఒక పరికరంలోంచి, శబ్దం ఇంకో పరికరంలోంచి వస్తే రెండిటి గడియారాలు సరిగ్గా ఒకటిగా నడవవు. మూడు గంటలయ్యేసరికి పెదాలకీ మాటకీ పొత్తు తప్పొచ్చు. మొదట్లోనూ చివర్లోనూ ఒక చోట సరిచూసుకోండి.

ఇంకొకటి. ఆటో గెయిన్, నాయిస్ సప్రెషన్, ఎన్‌హాన్స్‌మెంట్స్, ఇలాంటివి ఎక్కడ కనిపించినా ఆపేయండి. ఫోన్‌లో మాట్లాడుకోవడానికి తయారుచేసిన ఆ పద్ధతులు సన్నాయిని అనవసరమైన చప్పుడు అనుకుని నొక్కేస్తాయి. ఆ కాలం క్యామ్‌కార్డర్లలోనే ఆటో లెవెల్ ఉండేది. మేళం మోగగానే శబ్దం తగ్గడం, మేళం ఆగాక ఒకటి రెండు సెకన్లపాటు మాటలు సన్నగా వినిపించి మెల్లగా పెరగడం మీరు వినే ఉంటారు. అది టేపులోనే ఉంది, మనం చేయగలిగింది తక్కువ. దాని మీద ఇంకో ఆటో లెవెల్ వేస్తే మాట ఊయల ఊగుతుంది.

ఎక్కించిన తర్వాత

మొదట వచ్చిన ఫైల్‌ని అలాగే ఉంచండి. శబ్దాన్ని కుదించని వేవ్ ఫైల్‌గా విడిగా దాచండి, రెండు వేర్వేరు డిస్కుల్లో. దాని కాపీ మీదే మిగతా పనులు చేయండి. అత్యధిక శిఖరాన్ని మైనస్ 1 దాకా పెంచడం, అప్పగింతల భాగాన్ని విడిగా పెంచడం, టేపు చప్పుడు కాస్త తగ్గించడం, అన్నీ కాపీ మీదే. రేపు మెరుగైన సాఫ్ట్‌వేర్ వస్తే మళ్లీ మొదటి ఫైల్ నుంచి మొదలుపెట్టొచ్చు.

మినీ డీవీ క్యాసెట్లు ఉన్నవాళ్లకి ఈ తలనొప్పి లేదు. అందులో శబ్దం ఎప్పుడో అంకెలుగానే రాసి ఉంది. ఫైర్‌వైర్ కేబుల్‌తో తీసుకుంటే ఉన్న అంకెలే వస్తాయి, లెవెల్ పెట్టే పనే లేదు.

షాపులో ఇచ్చేవాళ్లు నాలుగు ప్రశ్నలు అడగండి. శబ్దం లెవెల్ క్యాసెట్ క్యాసెట్‌కీ చూస్తారా? ఆటో గెయిన్ ఆపుతారా? మార్పులు చేయని ఫైల్ కూడా ఇస్తారా? క్యాసెట్ వెనక్కి ఇస్తారా? తెచ్చుకున్నాక ముందుగా గట్టిమేళం దగ్గర వినండి. అక్కడ శుభ్రంగా ఉంటే మిగతా అంతా దాదాపు బాగున్నట్టే. అక్కడ బరబరమంటే, క్యాసెట్ చేతిలో ఉండగానే మళ్లీ తీయమనండి.

తొందర ఎందుకంటే, ప్లే చేసే మెషీన్లు కూడా అయిపోతున్నాయి. వీసీఆర్‌లు చివరిదాకా తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జులైలో ఆపేసింది. ఇప్పుడు ఉన్నవన్నీ పాతవే, బాగుచేసేవాళ్లూ తగ్గిపోతున్నారు. క్యాసెట్ బీరువాలో భద్రంగా ఉందిలే అనుకుంటూ ఇంకో పదేళ్లు ఆగకండి. ఈ ఆదివారం ఒకటి బయటికి తీసి, బూజు ఉందేమో చూసి, మొదలుపెట్టండి.

వచ్చే ఎపిసోడ్‌లో ట్రాకింగ్ గురించి, బొమ్మ కింద వచ్చే ఆ చెదిరిన గీత గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా సెలవండీ.